స్టేటస్ ఎవరి కోసం? – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. మనుషులు ఫోటోలు, స్టేటస్‌లు, ఫార్వర్డ్‌లు ఎందుకు పెడతారు, పెట్టాక మనసు ఎందుకు కుదురుగా ఉండదు అని. పొడుగాటి ఉత్తరాలను కుదించాం. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

మా అత్తగారికి 66 ఏళ్ళు. తెల్లారుజామున అయిదింటికే లేచి పద్నాలుగు గ్రూపుల్లో ‘శుభోదయం’ పూల బొమ్మలు పెడతారు. మధ్యాహ్నం కూర్చుని ఎవరు జవాబిచ్చారో, ఎవరివ్వలేదో చూసుకుంటారు. ఇవ్వకపోతే ముఖం చిన్నబుచ్చుకుంటారు. వచ్చే బొమ్మలతో, వీడియోలతో ఫోన్ కూడా నిండిపోతోంది. ఇది వ్యసనమేనా?
– ఒక కోడలు, తెనాలి

వ్యసనం అని తొందరపడకండి. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ దారిన పోయేవాళ్ళని ‘ఏమ్మా, బజారుకేనా?’ అని పలకరిస్తుంది. ఆవిడకు బజారు సంగతి అక్కర్లేదు, పలకరింపే కావాలి. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే ఇలాంటి మాటలను విడిగా గుర్తించాడు. వాటితో కొత్తగా తెలిసేదేమీ ఉండదు, మన మధ్య బంధం ఉందని చెప్పుకోవడమే వాటి పని. పూల బొమ్మా అంతే. ‘నేను లేచాను, బాగానే ఉన్నాను, మీరు గుర్తున్నారు’ అని దాని అర్థం.

వ్యసనం అనాలంటే వేరే గుర్తులుండాలి. తగ్గించుకుందామనుకుని కూడా తగ్గించుకోలేకపోవడం, నిద్ర, తిండి, ఇంటిపని చెడటం, ఫోన్ అందకపోతే విపరీతమైన చిరాకు లాంటివి. మీ ఉత్తరంలో అవేవీ లేవు. ఉన్నదల్లా జవాబు కోసం ఎదురుచూపు.

చిక్కు గ్రూపులోనే ఉంది. అందరికీ అని పెట్టినదానికి ‘ఇంకెవరో ఇస్తారులే’ అని ఎవరూ జవాబివ్వరు. ఆవిడకు గ్రూపుల బదులు మనుషులను చూపించండి. వాట్సాప్‌లో పైన మూడు చాట్లు పిన్ చేసుకోవచ్చు. ఆవిడ చెల్లెలు, పాత స్నేహితురాలు, దూరాన ఉన్న మనవడు, ఎవరైనా సరే. వాళ్ళకు వాయిస్ మెసేజ్ పంపడం నేర్పండి. మైకు గుర్తు నొక్కి పట్టి పైకి జరిపితే అది లాక్ అవుతుంది, ఇక వేలు తీసి మాట్లాడొచ్చు. ఆ లాక్ సంగతి చూపించకపోవడం వల్లే చాలామంది పెద్దవాళ్ళు రెండు సెకన్లకే వేలు జారి ‘నాకు రావట్లేదు’ అని వదిలేస్తారు. పేరు పెట్టి పిలిచి అరనిమిషం మాట్లాడితే అవతలివాళ్ళు తప్పకుండా పలుకుతారు. పూల బొమ్మలు వాటంతటవే తగ్గుతాయి, తగ్గకపోయినా నష్టం లేదు.

ఫోన్ నిండిపోతోందన్నారు కదా. సెటింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’కి వెళ్ళి మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ‘మేనేజ్ స్టోరేజ్’లో చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట, 5 ఎంబీ దాటినవి ఇంకోచోట చూపిస్తుంది. మొదటిదాన్ని నిశ్చింతగా ఖాళీ చేయండి. రెండోదాన్ని మాత్రం చూసుకుని చేయాలి, మనవరాలి డాన్సు వీడియో కూడా అందులోనే ఉంటుంది.

రీల్ పెట్టిన గంటలో లెక్కలేనన్నిసార్లు తీసి చూస్తాను. లైకులు తక్కువొస్తే తీసేస్తాను. అంతా డోపమిన్ అంటున్నారు. నిజమేనా? దీన్నుంచి బయటపడేదెలా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

డోపమిన్ మాటను ఈమధ్య ప్రతిదానికీ వాడేస్తున్నారు. అది ‘ఆనందం ఇచ్చే రసాయనం’ అన్నది సగమే నిజం. నాడీశాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఎదురుచూడని పళ్ళరసం దొరికినప్పుడు డోపమిన్ విడుదల చేసే నాడీకణాలు చురుగ్గా స్పందించాయి. వస్తుందని ముందే తెలిసిన రసం వస్తే పెద్దగా కదలలేదు. రావాల్సిన సమయానికి రాకపోతే మామూలుకంటే కిందికి పడిపోయాయి. అంటే ఎంత వచ్చిందన్నది కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎంతన్నదే లెక్క. నువ్వు 200 లైకులు అనుకుంటే 120 వచ్చాయి. నూట ఇరవైమంది మెచ్చుకున్నా నీకు నష్టపోయినట్టుంది. అందుకే తీసేస్తున్నావు.

ఇక మాటిమాటికీ చూడటం వేరే సంగతి. ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియని ప్రతిఫలం కోసం ప్రాణులు అలుపు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటాయని మనస్తత్వవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లోనే పావురాలతో చూపించారు. లైకులు రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్కసారే వచ్చేవైతే ఎవరూ ఆరుదాకా ఫోన్ ముట్టరు.

ఆ అంకె మన కళ్ళను కూడా మార్చేస్తుంది. 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు టీనేజీ పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్ లాంటి తెర చూపించారు. ఒకే ఫోటోకి కొందరికి ఎక్కువ లైకులు, కొందరికి తక్కువ కనిపించేలా పెట్టారు. ఫోటో అదే అయినా, ఎక్కువ లైకులు కనిపించినప్పుడే దాన్ని ఎక్కువమంది లైక్ చేశారు. నీ రీల్‌ను నీ స్నేహితులూ అలాగే చూస్తారు, నువ్వూ అలాగే చూసుకుంటావు.

చేయాల్సింది ఇదీ. ముందు నోటిఫికేషన్లలో లైకులు ఒక్కటే ఆపెయ్, కామెంట్లు, మెసేజ్‌లు ఉంచుకో. మాటలు మనుషుల నుంచి వస్తాయి, వాటిని ఆపాల్సిన పని లేదు. 2021 నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల అంకెను దాచుకునే వీలుంది. సెటింగ్స్‌లో వెతికితే ఇతరుల పోస్టుల అంకెలు కనబడకుండా చేసుకోవచ్చు, నీ పోస్టు మీద మూడు చుక్కలు నొక్కి దాని అంకెనూ దాచొచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నీ అంకె ఇతరులకే కనిపించదు, నువ్వు నొక్కి చూస్తే నీకు కనిపిస్తూనే ఉంటుంది.

తర్వాత పోస్టు పెట్టే వేళ మార్చు. ఖాళీగా పడుకుని పెట్టకు. క్లాసుకో, క్రికెట్‌కో వెళ్ళే ముందు పెట్టి, గంటన్నర ఫోన్ వేరే గదిలో వదిలెయ్. రోజుకు రెండు వేళలు పెట్టుకో, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి తొమ్మిది అనుకుందాం. నోటిఫికేషన్లు ఆపిన మొదటి మూడు నాలుగు రోజులు ఇంకా ఎక్కువగా తీసి చూడాలనిపిస్తుంది. ‘ఇది పని చేయట్లేదు’ అని చాలామంది ఆ రోజుల్లోనే వదిలేస్తారు. యాప్ తీసేసి, వారానికి మళ్ళీ వేసుకునేవాళ్ళ కథ కూడా అంతే.

ఇంకొకటి. పెట్టేముందు ఎన్ని లైకులు ఆశిస్తున్నావో ఒక కాగితం మీద రాసి పెట్టు. నాలుగైదు రీళ్ళకు అలా రాశాక చూసుకుంటే, బాధ ఎక్కడ పుడుతోందో నీకే కనిపిస్తుంది. రెండు రోజుల్లోపు తీసేయకూడదని నియమం పెట్టుకో, తప్పు సమాచారం పెట్టినా, ఎవరినైనా నొప్పించినా తప్ప. రీల్ ఎంతమందికి చేరాలో యాప్ నిర్ణయిస్తుంది. కొన్ని రోజుల తర్వాత పుంజుకునేవీ ఉంటాయి. మొదటి గంట అంకె నీ మీద తీర్పు కాదు.

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలు అరవై దాకా ఫేస్‌బుక్‌లో పెట్టాం. ఇక్కడి స్నేహితులంతా సంతోషించారు. గుంటూరులో మా పిన్ని కూతురు మాత్రం ‘డాలర్లు చూపించుకోవడమే’ అందట. అమ్మ ఫోన్‌లో చెప్పింది. మాకు ఆ ఉద్దేశమే లేదు.
– ఒక తల్లి, డాలస్

ఉద్దేశం లేదన్నది నమ్ముతాం. కానీ అరవై ఫోటోలు పెట్టేటప్పుడు మీ కళ్ళ ముందు ఎవరున్నారు? బహుశా ఆ రోజు వచ్చిన స్నేహితులు. ఎవరి ముందు ఎలా ఉండాలో మనందరికీ తెలుసు. ఆఫీసులో ఒకలా, పుట్టింట్లో ఒకలా. సామాజికశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ మనిషి బతుకును రంగస్థలంతో పోల్చింది ఇందుకే. ఫేస్‌బుక్‌లో ఆ గదులన్నీ కలిసిపోతాయి. ఒకే ఫోటోను మేనేజరు, పక్కింటావిడ, ఇంటర్ క్లాస్‌మేట్, పిన్ని కూతురు ఒకేసారి చూస్తారు.

పైగా ఎంతమంది చూస్తున్నారో మనకు అంచనా ఉండదు. స్టాన్‌ఫర్డ్, ఫేస్‌బుక్ పరిశోధకులు 2013లో లెక్కతీస్తే, తమ పోస్టు చూసినవాళ్ళు ఎందరని జనం అనుకున్నది అసలు సంఖ్యలో 27 శాతమే. లైకు కొట్టినవాళ్ళే చూశారనుకుంటాం. చూసి మాట్లాడనివాళ్ళు అంతకు ఎన్నో రెట్లు.

మీ పిన్ని కూతురి సంగతి. మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లో చెప్పింది ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. మనిషి తనను తాను పోల్చుకునేది తనలాంటివాళ్ళతోనే. కోటీశ్వరుల ఇంటి పెళ్ళి టీవీలో చూసి ఆవిడకు ఏమీ అనిపించదు. ఒకే ఇంట్లో ఆడుకుని, ఒకే బడికి వెళ్ళిన మీ ఇంటి వేడుక చూస్తే అనిపిస్తుంది. అది అసూయ అని కొట్టిపారేయకండి. ఫోటోల్లో తను లేదన్న వెలితి కూడా అందులో ఉండొచ్చు.

ఆవిడకు మాత్రం కనబడకుండా ‘ఫ్రెండ్స్ ఎక్సెప్ట్’లో పెట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీరు ట్యాగ్ చేసినవాళ్ళ స్నేహితులకు కూడా ఆ ఫోటో కనబడే వీలుంది. పైగా మీ అమ్మగారి వాట్సాప్ నుంచి ఎలాగూ గుంటూరు చేరుతుంది. దాచారని తెలిస్తే ఆ నొప్పి ఫోటోల నొప్పికంటే పెద్దది. దానికంటే ఇలా చేయండి. అందరికీ పెట్టేవి ఎనిమిదో పదో చాలు, మిగతావి వచ్చిన అతిథులకు విడిగా ఆల్బమ్ లింకు పంపండి. ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ముందే దగ్గరి చుట్టాలకు ఒక్కొక్కరికి ఒక ఫోటో, రెండు మాటలతో పంపండి. ‘అక్కా, నువ్వుంటే జడ నువ్వే వేసేదానివి’ అన్న ఒక్క మాట ముందే వెళ్ళుంటే, అరవై ఫోటోలు వేరేలా కనిపించేవి. క్రమం ముఖ్యం. పబ్లిక్‌లో చూశాక విడిగా పంపితే అది సంజాయిషీలా ఉంటుంది.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మీ అమ్మాయిని అడిగారా? ఆ వేడుక ఏమిటో, ఎందుకో అక్కడి స్కూలు స్నేహితులకు వివరించుకోవాల్సింది ఆ పిల్ల. ఏ ఫోటోలు ఉండాలో, ఎవరికి కనబడాలో ఎంపిక ఆమెకే వదలండి, ఇప్పటికైనా.

ఆస్తి పంపకాలయ్యాక మా మరిది రోజూ స్టేటస్‌లో ‘నా అనుకున్నవాళ్ళే వెన్నుపోటు పొడుస్తారు’ లాంటి కొటేషన్లు పెడుతున్నాడు. అడిగితే ‘నీ గురించి కాదు వదినా, ఊరికే పెట్టా’ అంటాడు. ఒళ్ళు మండిపోతోంది. నేనూ నాలుగు పెట్టనా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

పెట్టకండి. ‘ఊరికే’ స్టేటస్ ఎవరూ పెట్టరు, ఆ మాట నిజమే. అలాంటి స్టేటస్‌కు ఒక్కరే పాఠకులుంటారు, మిగతావాళ్ళంతా సాక్షులు. అతనికి దీనివల్ల మూడు లాభాలు. అనాల్సింది అన్నట్టూ ఉంటుంది, అనలేదని తప్పించుకోనూ వచ్చు, ‘ఏమైంది రా?’ అని నలుగురూ అడుగుతారు. పైగా వాట్సాప్‌లో ఎవరు చూశారో పేర్లు కనిపిస్తాయి. మీరు పదినిమిషాల్లో చూశారని అతనికి తెలుస్తుంది. మీకు తగిలిందని అతనికి అందే రసీదు అదే.

‘లోపలున్నది కక్కేస్తే తేలికవుతుంది కదా’ అనిపిస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో దీన్నే పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్ళ కోపం, ఏమీ చేయకుండా ఊరుకున్నవాళ్ళ కోపంకంటే ఎక్కువగా ఉంది. కొటేషన్ వెతకడం, రంగు ఎంచడం, ఎవరు చూశారో గంటగంటకూ చూడటం, ఇదంతా ఆ సంచి గుద్దడమే. మీ మరిదికీ అంతే, పెడితే మీకూ అంతే.

ముందు అతని స్టేటస్ మ్యూట్ చేయండి. అతని స్టేటస్ మీద నొక్కి పడితే ఆ వీలు వస్తుంది, అతనికి తెలియదు. వారం పదిరోజులు రసీదు అందకపోతే వేడి కొంత తగ్గుతుంది. తర్వాత మాట్లాడాల్సింది మీ ఆయన, మీరు కాదు. అన్నదమ్ముల పంపకం అది. మాట్లాడేటప్పుడు స్టేటస్ ఊసే ఎత్తొద్దు. ఎత్తితే సంభాషణ ‘నీ గురించి కాదన్నాగా’ దగ్గరే ఆగిపోతుంది. ‘చెరువు పక్క పొలం విషయంలో నీకు తక్కువైందనిపిస్తోందా? ఆదివారం కూర్చుని కాగితాలు చూద్దాం’ అన్నట్టు ఒక వస్తువు, ఒక రోజు చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది స్క్రీన్‌షాట్. అత్తగారికో, తోడికోడలికో పంపారంటే గొడవలో ఇంకో ఇద్దరు చేరినట్టే.

ఒక్క విషయంలో మాత్రం ఈ సలహా పక్కన పెట్టండి. ఎదుటివాళ్ళ మీద కోపం పోయి, ‘నేను ఉండి ఎవరికి లాభం’, ‘ఇక సెలవు’ లాంటి మాటలు కనిపిస్తే, అప్పుల మాటో, వస్తువులు పంచేయడమో తోడైతే, మ్యూట్ చేయడం కాదు, ఆ గంటలోనే మనిషి దగ్గరకు వెళ్ళాలి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నేను అన్నీ చూస్తాను, ఏదీ పెట్టను. స్నేహితులు ‘దొంగచూపు’ అని ఏడిపిస్తారు. ఇదేమైనా లోపమా?
– కర్నూలు

లేదు. మీలాంటివాళ్ళే ఎక్కువ. వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు, ఆన్‌లైన్ సమూహాల్లో వందకు 90 మంది చూసేవాళ్ళు, 9 మంది అప్పుడప్పుడు పలికేవాళ్ళు, ఒక్కరే ఎక్కువగా పెట్టేవాళ్ళు అని. చూసి లేచాక మనసు బరువెక్కుతుంటే ఎవరిని చూసినప్పుడు అలా అవుతోందో గమనించి, వాళ్ళను మ్యూట్ చేసుకోండి. లేకపోతే హాయిగా చూడండి.

అరకు వెళ్ళినా, వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి వెళ్ళినా మా ఆయన ఫోన్ దించరు. ఫోటోలు తీస్తే అనుభవం పోతుందంటాను నేను, పెరుగుతుందంటారు ఆయన. ఎవరిది నిజం?
– విశాఖపట్నం

ఇద్దరిదీ. 2016లో డీల్, జాబర్‌మన్, బరాష్ అనే ముగ్గురు పరిశోధకులు బస్సు టూర్ల లాంటి చోట్ల చూస్తే, ఫోటోలు తీసినవాళ్ళే ఎక్కువ ఆనందించారు. ఏది తీయాలో వెతకడంలో కన్ను ఇంకా శ్రద్ధగా చూస్తుంది. అదే ముగ్గురు 2018లో తేల్చింది ఇంకొకటి. తమకోసం కాకుండా సోషల్ మీడియాలో పెట్టడానికని తీసినవాళ్ళకు ఆనందం తగ్గింది. మబ్బు ముందుండగానే ‘ఇందులో నేను ఎలా కనిపిస్తాను, వాళ్ళేమంటారు’ అన్న ఆలోచన చొరబడుతుంది.

కాబట్టి కెమెరా ఉండనివ్వండి, డేటా ఆపించండి. కొండ మీద తీయడం, ఇల్లు చేరాక పెట్టడం. వంజంగిలో సూర్యుడు పైకొచ్చేటప్పుడు స్టోరీ అప్‌లోడ్ అవుతోందా లేదా అని చూసుకునేవాళ్ళు అసలు సంగతి పోగొట్టుకుంటారు. ఇంట్లో ఎవరూ లేరని ఊరంతటికీ చాటకుండా ఉండటం అదనపు లాభం.

మా రిటైర్డ్ టీచర్ల గ్రూపులో బాగా చదువుకున్నవాళ్ళే అబద్ధపు వార్తలు పంపుతారు. తప్పని రుజువు చూపిస్తే అలుగుతారు. చదువు ఏమైనట్టు?
– ఒంగోలు

చదువుకు దీనితో అనుకున్నంత సంబంధం లేదు. ఫార్వర్డ్ చేసే క్షణంలో ‘ఇది నిజమా’ అన్న ప్రశ్నే మనసులోకి రాదు, ‘ఇది మావాళ్ళకు తెలియాలి’ అన్న తొందరే ఉంటుంది. బెర్గర్, మిల్క్‌మన్ అనే పరిశోధకులు 2012లో ఒక పెద్ద అమెరికన్ పత్రిక వ్యాసాలను పరిశీలిస్తే ఆశ్చర్యం, కోపం, ఆందోళన రేపినవే ఎక్కువగా పంచుకున్నారు. దిగులు పుట్టించేవి అంతగా కదల్లేదు. ఫార్వర్డ్‌లు రాసేవాళ్ళకు ఇది బాగా తెలుసు, అందుకే ‘వెంటనే అందరికీ పంపండి’ అని ముగిస్తారు. 2018లో ఎం.ఐ.టి. పరిశోధకులు ట్విటర్‌లో చూస్తే, అబద్ధపు వార్తను రీట్వీట్ చేసే అవకాశం నిజంకంటే 70 శాతం ఎక్కువ. ఆ తేడాకు కారణం యంత్రాలు నడిపే ఖాతాలు కావు, మనుషులే.

అలగడానికి కారణం మీరు దిద్దిన చోటు. జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దిన మనిషిని నలభైమంది ముందు దిద్దారు! విడిగా రాయండి, అదీ ప్రశ్నగా. ‘మాస్టారూ, ఇది ఏ పేపర్లో వచ్చింది? మావాళ్ళకు చెబుదామని’ అంటే ఆయనే వెతుకుతారు, దొరక్కపోతే ఆయనే తీసేస్తారు. కాకపోతే తనకూ గ్రూపుకూ ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేయడానికి వాట్సాప్ సుమారు రెండు రోజులే గడువిస్తుంది, అందుకని చూసినరోజే అడగండి. రెండు బాణం గుర్తులున్న మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం.

నాన్న పోయి నాలుగేళ్ళు. ప్రతి వర్ధంతికి ఫేస్‌బుక్‌లో ఆయన గురించి రాస్తాను. ‘పోయినవాళ్ళకు పోస్టులేంట్రా, లైకుల కోసమా’ అంటాడు తమ్ముడు. ఆయన అకౌంట్ ఇంకా అలాగే ఉంది. పుట్టినరోజు నాడు అందరికీ నోటిఫికేషన్ వెళ్తోంది. ఏం చేయాలి?
– కరీంనగర్

పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన వేసినవాళ్ళను, చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టినవాళ్ళను మీ తమ్ముడు ఇలా అడగడు కదా. పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందన్న పాత అభిప్రాయాన్ని 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం బలంగా ప్రశ్నించింది. బంధం రూపం మార్చుకుని కొనసాగుతుంది, అది మామూలే. రాయండి. తమ్ముడి దుఃఖం మాత్రం మౌనంగా ఉండే రకం కావచ్చు. ఆయన ఫోటో పెట్టేముందు తమ్ముడికి ఒక మాట చెప్పండి.

అకౌంట్‌ను ఫేస్‌బుక్ హెల్ప్ సెంటర్ ద్వారా ‘మెమోరియలైజ్’ చేయించొచ్చు. ఆయన ప్రొఫైల్ లింకు, పోయిన తేదీ, మరణ ధ్రువీకరణ పత్రం స్కాన్ సిద్ధం చేసుకోండి. పత్రంలో పేరు, ప్రొఫైల్ పేరు వేరుగా ఉంటే అక్కడే ఆగిపోవచ్చు, అప్పుడు రెండూ ఒకరే అని చూపే ఇంకో ఆధారం కావాల్సి రావచ్చు. పని పూర్తయ్యాక పేరు పక్కన స్మృత్యర్థం అన్న గుర్తు వస్తుంది, పుట్టినరోజు నోటిఫికేషన్లు ఆగిపోతాయి. ఆ తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ లాగిన్ కాలేరు. మీరు, తమ్ముడు కలిసి కూర్చుని ఆయన పెట్టిన ఫోటోల్లో కావలసినవి ముందే దింపుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పంపండి.